పూటబడియు పూటదాదియు

రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము, అమలాపురము వంటి పట్టణములలో తల్లి ఉద్యోగము చేయు ఇండ్లయందు ఇప్పుడొక క్రొత్త దినచర్య యేర్పడినది. రెండున్నర యేండ్ల బిడ్డ ఉదయము తొమ్మిది గంటలకు ఆటబడికి పోవును. పండ్రెండు గంటలకు ఆయా వెళ్లి తోడుకొని వచ్చును. అన్నము పెట్టి, నిద్రపుచ్చి, ఆడించి, తల్లి బ్యాంకునుండియో పాఠశాలనుండియో సాయంకాలము ఇల్లు చేరువఱకు ఆయాయే చూచుకొనును. ఒక పూట బడి, ఒక పూట దాది. ఈ యేర్పాటును గూర్చి మన గృహములలో జరుగుచున్న వాదము మాత్రము బహు విచిత్రముగా నున్నది. ఒక పక్షమువారు తల్లి బిడ్డను పరులపాలు చేసినదని నొసలు చిట్లింతురు. రెండవ పక్షమువారు ఇదియే నాగరకత యని మురిసి, బిడ్డచేత ఆంగ్లమున రంగుల పేర్లు చెప్పించి చుట్టములకు వినిపింతురు. నేనీ యిరుపక్షములలో దేనితోను ఏకీభవింపజాలను. ఏర్పాటు మంచిదే. దానిని నడుపుచున్న తీరు చెడ్డది. అంతకంటె చెడ్డ దేమనగా, దాని వెలను మన యింటివారు గాక వేఱొక యింటి బిడ్డ చెల్లించుచుండుట.

మొదట పెద్దలతో మాటలాడవలసియున్నది. బిడ్డ తల్లియొడిలోనే పెరుగవలెనని చెప్పుచు పూర్వకాలమును సాక్ష్యమునకు పిలుచువారు ఆ పూర్వకాలమును సరిగా చూచినవారు కారు. గోదావరీ మండలమున ఏ కాలమున తల్లి ఒంటరిగా బిడ్డను పెంచినది? కలిగిన యింట దాది యుండెను. మధ్యతరగతి యింట అత్తయో, అమ్మమ్మయో, బాల్యముననే వితంతువయి పుట్టినింట మిగిలిపోయిన మేనత్తయో యుండెను. ఆ మేనత్తకు జీతము లేదు, మఱియొక గతియు లేదు. కనుక ఆమె చాకిరికి మనము ప్రేమ యని పేరు పెట్టుకొంటిమి. పేదయింట ఎనిమిదేండ్ల అక్క చంకను తమ్ముడుండెను. ఆ యక్క బడిముఖము చూడలేదు. నాట్ల దినములలో చేనిగట్టున చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను అందు పరుండబెట్టి, తల్లి బురదలోనికి దిగెను. నరసాపురము చుట్టుపట్టుల లేసు అల్లు స్త్రీలను గూర్చి జర్మన్ సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. ప్రపంచపు బజారులకు సరకు తయారుచేయుచున్న ఆ స్త్రీలను, ఇంట తీరికగా కూర్చుండి కాలక్షేపమునకు అల్లుకొను గృహిణులుగా ఎంచి వారికి అతిస్వల్పమైన కూలి యిచ్చిరని ఆమె చూపినది. తల్లి ఇంటనున్నంత మాత్రమున బిడ్డ ఆమె చేతిలో నున్నదను మాట ఆ పల్లెలలోనే అబద్ధమైనది. చేతిలో నున్నది సూది. బిడ్డ గడపకడ నున్నది.

1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పినపుడు పూర్వాచారపరులు ఆడుది చదివిన ఇల్లు చెడునని వాదించిరి. నూటయేబది యేండ్లు గడచినవి. ఇప్పుడు చదువు వలదనుటకు ఎవ్వరికిని నోరు రాదు. చదువుకొన్న స్త్రీ ఉద్యోగమునకు పోయిన బిడ్డ చెడునని మాత్రము చెప్పుదురు. మాట మారినది గాని దాని మూలమున్న కోరిక మారలేదు.

కొందఱు విద్యావంతులు ఈ కోరికకు శాస్త్రమును గూడ అడ్డుపెట్టుకొందురు. జాన్ బౌల్బీ యను ఆంగ్లేయ వైద్యుడు 1951లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కొఱకు వ్రాసిన నివేదికలో, తల్లి సంరక్షణ కోల్పోయిన శిశువుల మనస్సు దెబ్బతినునని చెప్పిన మాట నిజమే. కాని ఆయన ముఖ్యముగా విచారించినది యుద్ధానంతరము ఇల్లు వాకిలి లేక శరణాలయములలో పెరిగిన పిల్లలను, దీర్ఘకాలము తల్లికి దూరమైన పిల్లలను. ఉదయము పోయి సాయంకాలము వచ్చు తల్లి బిడ్డకు ఆ తీర్పును అంటగట్టుట న్యాయము కాదు. 1964లో షాఫర్, ఎమర్సన్ అను ఇరువురు స్కాట్లాండు దేశమున గ్లాస్గో నగరపు శిశువులను పరిశీలించి, ఏడాదిన్నర నిండునప్పటికి చాలమంది బిడ్డలు తల్లితోబాటు తండ్రి, తాత, అవ్వ మొదలైన మఱికొందఱితోను గాఢమైన మమత పెంచుకొందురని వెల్లడించిరి. ఈ సంగతి మన ఉమ్మడికుటుంబములోని ఏ అమ్మమ్మనడిగినను గ్లాస్గో వఱకు పోనక్కఱలేకయే చెప్పియుండెడిది. బిడ్డకు వలసినది ఒక్క మనిషి కాదు. నిలుకడగా నుండు కొందఱు మనుష్యులు.

ఇంకొక మాట కూడ పెద్దలకే చెప్పవలెను, ముఖ్యముగా ఇంటి యజమానులకు. "నీ జీతమంతయు బడికిని ఆయాకును సరిపోవుచున్నదే, ఇక నీ ఉద్యోగమెందులకు?" అని భార్యనడుగు భర్తలు మన పట్టణములలో తక్కువవారు కారు. లెక్క చూచితిరా! బిడ్డ యిద్దఱిది, ఖర్చు మాత్రము తల్లి పద్దున వ్రాయబడినది. ఇంటి అద్దె, బియ్యము, మోటారు బండికి పెట్రోలు భర్త జీతములోనుండి పోయినప్పుడు "నీ ఉద్యోగమెందులకు?" అని ఆయన నెవ్వరైన నడిగిరా? ఆయా జీతమును ఇద్దఱి రాబడి మీద సమముగా వేసినచో ఈ ప్రశ్న పుట్టదు. బడినుండి బిడ్డకు జ్వరము వచ్చినదని కబురు వచ్చినపుడు సెలవు పెట్టవలసినది ఎప్పుడును తల్లియేనా? ఈ విషయమున నా పక్షము స్పష్టము: సగము బడి, సగము దాది యను ఏర్పాటులో తండ్రి భాగము సున్న యైనంతకాలము అది సంస్కారము కాదు, తల్లి నెత్తిపైనున్న బరువును మఱియొక స్త్రీ నెత్తికి మార్చుట మాత్రమే.

ఇక మెచ్చుకొనువారి వంతు. వారు తొమ్మిదినుండి పండ్రెండు వఱకు బిడ్డ యేమి చేయుచున్నదో ఎప్పుడైన చూచిరా? రెండున్నర యేండ్ల బిడ్డకు మెడపట్టీ, బూట్లు, పలక, పుస్తకముల సంచి. గోడపై ఆంగ్లాక్షరములు. బల్లపై చేతులు కట్టుకొని కూర్చుండవలెను. ఇంటికి వచ్చినపిమ్మట గీతలు దిద్దవలెను. దిద్దించుట ఆయా వంతు, ఆమెకు ఆ అక్షరములే రావు. బిడ్డ గుక్కపెట్టి యేడ్చును, ఆయా బూచాడు వచ్చునని భయపెట్టును, రెండు గీతలు పడును. మఱునాడు బడిలో నక్షత్రపు గుర్తు వేయుదురు. తల్లిదండ్రులు ఆ గుర్తును చూచి ఆనందింతురు. బిడ్డలను కొట్టరాదు, భయపెట్టరాదు అని చలముగారు 'బిడ్డల శిక్షణ' వ్రాసిన భాషలోనే మనమింకను బూచాని పిలుచుచున్నాము.

మాంటిసోరి పేరు తగిలించుకొనని ఆటబడి నేడు పట్టణమున అరుదు. ఆ పేరు గల వైద్యురాలు తన మొదటి శిశుగృహమును 1907 జనవరి 6వ తేదీన రోమునగరమున సాన్ లోరెంజో యను బీదల పేటలో తెఱచినది. పగలు పనికిపోవు కూలివారి పిల్లలు మెట్లమీదను గోడలమీదను అల్లరి చేయుచున్నారని ఆ మేడల యజమానులు ఒక గదిని ఇచ్చుటచే ఆ బడి పుట్టినది. అనగా అది పనిచేయు తల్లుల బిడ్డలకై పుట్టిన బడి. ఆమె 1939లో మన మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. అంతకుముందే 1920లో గిజూభాయి భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయన సహచరి తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్‌తో కలిసి బొంబాయికి ఉత్తరమున బోర్డీ, కోస్బాడ్ ప్రాంతములలో బడిని బిడ్డల ముంగిళ్లకే తీసికొనిపోయినది. అంగన్వాడీ యను మాటకు అర్థము ఆ ముంగిలియే. ఈ పేరుగలవారిలో ఒక్కరైనను చిన్నబిడ్డకు అక్షరములు రుద్దుమని చెప్పలేదు. బడి పేరు వారిది, పద్ధతి మాత్రము ట్యుటోరియలు కాలేజీది.

మూడేండ్లలోపు బిడ్డకు బడివలన కలుగవలసిన లాభము వేఱు. తోటి బిడ్డలు, ఇసుక, నీళ్లు, పాట, ఒకరి చేతి బొమ్మ లాగుకొని మరల ఇచ్చుట. ఇంట ఒంటిబిడ్డగా పెరుగువానికి ఇవి దొరకవు, కనుకనే బడి కావలెను. కాని ఇందులకు మూడు గంటలు చాలును. ఆ వయసున దినమునకు పదునొకండునుండి పదునాలుగు గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పినది. ఆ లెక్క కుదురవలెననిన మధ్యాహ్నపు నిద్ర తప్పదు. నిద్రకు ఇంటి చాప, తెలిసిన చేయి కావలెను. కనుక దినమెల్ల బడిలోనుంచుట కంటెను, దినమెల్ల నాలుగు గోడలనడుమ ఆయాతో నుంచుట కంటెను, రెంటిని కలుపుటయే బిడ్డకు అనుకూలము. ఈ మాట నేను గట్టిగానే చెప్పుదును. ఐతే కలుపుట యనగా రెంటిని పక్కపక్కన పెట్టుట కాదు.

చిక్కంతయు ఈ కలియుచోటనే యున్నది. పండ్రెండు గంటలకు బడి గేటుకడ చూడుడు. ఆటోలు, మోటారు బండ్లు, ఎండ. పంతులమ్మ బిడ్డను సంచితోబాటు అప్పగించును, ఆయా అందుకొనును. ఒక్క మాట లేదు. బిడ్డ ఉదయము తిన్నదా, ఏడ్చినదా, ఎవరైన కఱచిరా, విరేచనమైనదా, ఇవి పంతులమ్మకు తెలియును, కాని చెప్పదు. ఎందుకనగా ఆమె దృష్టిలో ఆయా మనిషి కాదు, సంచి మోయు చేయి. చెప్పవలసినది సాయంకాలము తల్లి సెల్‌ఫోనునకు వచ్చును, అప్పటికి ఆరుగంటలు ఆలస్యము. అటులనే రాత్రి బిడ్డకు నిద్రలేదను సంగతి ఆయాకు తెలియును, ఆమె చెప్పుటకు గేటు దాటి పోరాదు. బిడ్డ బ్రదుకు నడుమ పగిలిన కుండవలె రెండు ముక్కలగును. బడిలో ఒక మాటతో మూత్రమునకు అడుగవలెను, ఇంట మఱియొక మాట. బడిలో తానే తినవలెను, ఇంట సెల్‌ఫోను చూపి ముద్దలు మ్రింగింతురు. బడిలో తెలుగు నోట వచ్చిన పంతులమ్మ కన్నెఱ్ఱ చేయును. ఇంట ఆయాకు తెలుగు తప్ప రాదు. 2020 జాతీయ విద్యావిధానము చిన్నతరగతులలో వీలైనంత వఱకు ఇంటిభాషనే బోధనాభాషగా నుంచుమనినది. ఆ విధానమును వ్రాసినవారికి మన ఆటబడి గేటు తెలియదు కాబోలు. మాటలు వచ్చు వయసున బిడ్డ నేర్చుకొనునది ఇదియే: తనను లాలించు మనిషి భాష తక్కువ భాష యని.

జర్మనీ దేశమున బెర్లిన్ పేరుతో ప్రసిద్ధమైన ఒక పద్ధతి గలదు. బిడ్డను క్రొత్తగా శిశువిహారమునకు పంపునపుడు బిడ్డకు బాగుగా తెలిసిన మనిషి ఒకరు వెంట పోయి గదిలో కూర్చుండును. మొదటి మూడు దినములు వేఱుచేయు ప్రయత్నమే యుండదు. నాలుగవనాడు కొద్ది నిమిషములు బయటికి పోయి చూతురు. బిడ్డ ఓదార్పు పొందిన ఆ వ్యవధిని పెంతురు, లేనిచో మరల కొన్ని దినములు ఆగుదురు. మన బడులలో మొదటినాడే బిడ్డను చేతులలోనుండి లాగికొని తలుపు మూయుదురు. రెండు వారములు ఏడ్చి అలవాటు పడునందురు. అలవాటు కాదది, ఆశ వదలుకొనుట. ఆ తెలిసిన మనిషి మన యింట ఉండనే యున్నది. తల్లికి సెలవు దొరకదు, సరే. ఆయా వెంట పోవచ్చును గదా? వారము దినములు ఆమెను తరగతిలో ఒక మూల కూర్చుండనిచ్చినచో బిడ్డకు భయము తీరును. బడిలో పాడు పాట, కడుగు చేయి, మడుచు చాప ఆమెకు తెలియును. మధ్యాహ్నము ఇంట అదియే సాగును. పంతులమ్మ దినమునకు రెండు నిమిషములు ఆమెతో మాటలాడవలెను. ఆయాకు చదువు రాదని కొందఱు చీటీలు వ్రాసి సంచిలో పెట్టుదురు. చదువు రానివారికి చెవులుండవా?

నేనీ మాట చెప్పినపుడు ఒక గృహిణి, ఆయాను అంతగా నెత్తికెక్కించుకొనిన రేపు జీతము పెంచుమనును గదా యని నన్నడిగినది. అడుగును, అడుగవలెను. మూడు మాసములకొక ఆయాను మార్చు ఇండ్లు నాకు తెలియును. రెండువందల రూపాయలకై మార్చుదురు, దొంగతనపు అనుమానముతో మార్చుదురు, పండుగనాడు రాలేదని మార్చుదురు. మార్చిన ప్రతిమాఱు బిడ్డ ఒక మనిషిని పోగొట్టుకొనును. పెద్దలకు అది పనిమనిషి మార్పు. బిడ్డకు అది ఇంటిలో చావువంటిది. ఇంటి కుర్చీని మార్చినపుడైనను బిడ్డకు చెప్పుదుము, ఆయా ఇక రాదని చెప్పము.

ఈ ఆయా యెవరు? మాట పోర్చుగీసువారిది. ఆంగ్లేయ దొరల బిడ్డలను పెంచుచు ఓడలలో లండను వఱకు పోయిన భారతదేశపు ఆయాలను అచట పని తీరినపిమ్మట దిక్కులేక వదలివేసినందున, వారికొఱకు ఆ నగరమున ఒక శరణాలయమే పెట్టవలసివచ్చినది. హాక్నీ పేటలోని ఆ యింటికి 2022లో స్మారకఫలకము వేసిరి. దొరలు పోయిరి, మాట మనకు మిగిలినది. మాటతోబాటు ఆ నడత కూడ మిగిలినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2007లో ఇంటిపనివారికి కనీసవేతనములు నిర్ణయించినది. ఆ రేటేమో తెలిసికొని జీతమిచ్చు ఇల్లు మన వీధిలో నొకటి యున్నచో చూపుడు. ఇంటిపనివారి హక్కులకై అంతర్జాతీయ కార్మికసంస్థ 2011లో చేసిన ఒడంబడికను భారతదేశము ఆమోదింపలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివారి రక్షణకు చట్టము చేయు విషయమును పరిశీలింపుమని కేంద్రప్రభుత్వమును ఆదేశించినది. వారమునకొక దినము సెలవు, జ్వరము వచ్చినపుడు కోత లేని జీతము, సంక్రాంతికి మూడు దినములు: వీనికి చట్టము రావలెనా? మన ఆఫీసులలో వీనికొఱకు మనము జెండాలు పట్టలేదా?

ఇంతవఱకు చెప్పినది మంచి యజమానురాలు సహృదయముతో దిద్దుకొనగలది. ఇప్పుడు చెప్పబోవునది అట్లు దిద్దుకొనరానిది. మీ యింట రెండేండ్ల బిడ్డను ఆడించు ఇరువదియైదేండ్ల ఆయాకు సాధారణముగా ఇంట రెండేండ్ల బిడ్డ యుండును. ఆ బిడ్డ యెక్కడ? అంగన్వాడీలో నుండునని మీరు తలచుచుండవచ్చును. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమైన నాటినుండి అంగన్వాడీ మన గ్రామములకును పేటలకును వచ్చినది. మన రాష్ట్రమున సుమారు 55,600 కేంద్రములు గలవు. కాని బడిగా అది నడచునది మూడునుండి ఆఱేండ్ల పిల్లలకు. మూడేండ్లలోపు బిడ్డకు బాలామృతము, గ్రుడ్లు, పాలు ఇంటికిత్తురు. తిండి యిత్తురు, తావు ఇయ్యరు. కనుక ఆ బిడ్డ ముసలి అవ్వకడనో, పదేండ్ల అక్కకడనో ఉండును. నూరేండ్లక్రింద తమ్ముని చంకను మోసి బడి మానిన అక్కను గూర్చి పైన వ్రాసితిని. ఆమె యింకను అచ్చటనే యున్నది. ఐతే ఇప్పుడామె బడి మానుట మన బిడ్డ బడికి పోవుటకొఱకు.

ఈ కథ గోదావరి తీరమునకు క్రొత్తది కాదు. రాజోలు, అమలాపురము, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములనుండి ఎందఱో స్త్రీలు కువైటు, మస్కటు, దుబాయి, కటారులకు పోయి అరబ్బుల యిండ్లలో ఖద్దామాలుగా పనిచేయుచున్నారు. వారిలో దళితకుటుంబములవారు పెక్కుమంది. ముప్పదియేండ్లు నిండని స్త్రీ అట్టి పనికి పోరాదని భారతప్రభుత్వము నియమము పెట్టినది. ఉద్దేశము మంచిదే కావచ్చును, కాని దాని ఫలమేమనగా పోవువారు చాలవఱకు తల్లులే. అచట ఆమె పరుల బిడ్డకు స్నానము చేయించు వేళ, ఇచట ఆమె బిడ్డకు అవ్వ చద్దియన్నము పెట్టుచుండును. వారిని ఖద్దామా లన్నందుకు మనకు కోపము వచ్చును, పాస్‌పోర్టులు లాగికొన్నారని పత్రికలలో చదివి కన్నీరు పెట్టుకొందుము. మంచిదే. కాని కువైటు ఎంత దూరము? మన వంటింటి గుమ్మమునకు ఆవలనే గదా! అమలాపురమునుండి ఆయాను తెచ్చి రాజమహేంద్రవరమున ఇంట నుంచుకొని, నెలకొకసారి బిడ్డను చూచివచ్చుటకు ఆదివారము సెలవిచ్చు యజమాని ఏ షేకునకు తీసిపోయెను?

చట్టము చేసిన మేలు కొంత లేకపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టము ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారమున శిశుసంరక్షణ గది యుండవలెననినది. 1976లో ఆ సంఖ్యను ముప్పదికి తగ్గించిరి. స్త్రీలను లెక్కించుటలో చిక్కు తెలియుచునే యున్నది: గది కట్టుటకంటె స్త్రీల సంఖ్య తగ్గించుట యజమానికి చౌక. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ ఈ పొరపాటు చేయలేదు. ఏబదిమంది ఉద్యోగులున్న చోట, వారు స్త్రీలా పురుషులా యని చూడక, క్రెష్ ఉండవలెననియు, తల్లి దినమునకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూడవచ్చుననియు శాసించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సాంఘికభద్రతా స్మృతియు దీనినే నిలిపినది. కాని మన పట్టణములలో స్త్రీలు పనిచేయు బట్టల కొట్లు, చిన్నబడులు, ల్యాబులు, బ్యాంకు శాఖలు చాలవఱకు ఏబదికి లోపలివే. ఆయాకు పనియిచ్చు ఇంటిలో ఉద్యోగుల సంఖ్య ఒకటి. ఆమెకు ఏ క్రెష్?

దారి లేదని కాదు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి తొలి అధ్యక్షురాలయినపిమ్మట ఆ మండలి పల్లెలలో బాలవాడీలకు ధనసహాయము చేసినది. 1969లో ఢిల్లీలో మీరా మహాదేవన్ కట్టడపు కూలీల బిడ్డలకై వారు పనిచేయు చోటనే గుడారములలో క్రెష్‌లు ప్రారంభించినది. ఇప్పుడు 2022నుండి పాల్నా యను పేర కేంద్రపథకము గలదు: ఆఱు మాసములనుండి ఆఱేండ్ల బిడ్డలకు దినమునకు ఏడున్నర గంటలు, నెలకు ఇరువదియాఱు దినములు, అంగన్వాడీలోనే క్రెష్. పథకము కాగితముపై చక్కగానే యున్నది. ఐతే దానిని నడుపవలసినవారెవరు? 2023 డిసెంబరు 12న మన రాష్ట్రపు అంగన్వాడీ స్త్రీలు సమ్మెకు దిగి 42 దినములు రోడ్డుమీద కూర్చుండిరి. నాడు కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల చట్టమును ప్రయోగించినది. చూడుడీ వింత: జీతమిచ్చునపుడు అది స్వచ్ఛందసేవకు గౌరవభృతి, పని మానినపుడు అత్యవసర సేవ. ఆ దినములలో మన సంస్కారప్రియులైన గృహస్థులలో ఎందఱు ఆ గుడారములకడకు పోయిరి?

కావున ప్రభుత్వమునడుగుచునే మనము చేయగలది యొకటి గలదు. ఒక వీధిలో నాలుగిండ్లకు నలుగురు ఆయాలు, నాలుగు ఒంటరి మధ్యాహ్నములు, నాలుగు టెలివిజన్‌లు ఎందులకు? ఇరువురు ఆయాలు, ఒక పెద్దగది, నాలుగిండ్ల బిడ్డలు, వారితోబాటు ఆయాల బిడ్డలు. ఉదయము అందఱు ఒకే ఆటబడికి పోవుదురు. మధ్యాహ్నము అందఱు ఆ గదికి వత్తురు. ఒక ఆయాకు జ్వరము వచ్చిన రెండవయామె యుండును. ఉద్యోగమునకు పోయిన తల్లి గుండె కుదుటబడును. ఒకరిపై ఒకరి కన్ను ఉండుటచే చాటున కొట్టుదురేమోయను భయము తగ్గును. నాలుగిండ్లవారు చేరి ఇచ్చుటచే ఇరువురికి మంచి జీతము ముట్టును. మున్సిపాలిటీ సముదాయభవనము, గ్రంథాలయపు వెనుకగది, సత్రపు వసారా, అపార్టుమెంటు క్రింది గది: తావునకు కొదువ లేదు. ఆయాల బిడ్డలకు ఆటబడి రుసుము నాలుగిండ్లు పంచుకొనిన భరింపరానిది కాదు.

ఈ యాలోచనను పలువురు గృహిణులకు చెప్పితిని. లెక్క అందఱికి నచ్చినది. పెద్దగది యెవరు ఇత్తురను చిక్కును తీరినది. "ఆయాల బిడ్డలతోబాటు" అను రెండు మాటలకడ మాత్రము మాట ఆగిపోయినది. వాళ్ల పిల్లలకు పేలుండును. వాళ్ల మాటలు మన పిల్లలకు వచ్చును. వాళ్లు ఒకే కంచములో... ఒకామె వాక్యము పూర్తి చేయలేదు, చేయనక్కఱలేదు. బిడ్డ నోటిలో ముద్ద పెట్టు చేయి శుభ్రమైనదే, ఆ చేతి బిడ్డ మాత్రము శుభ్రము కాదు! ఆయా పాలుకాచు గిన్నెలోనే మన బిడ్డ పాలు. ఆయా త్రాగుటకు మాత్రము వేఱు స్టీలు గ్లాసు గూటిలో బోర్లించియుండును. వీరేశలింగముగారి జయంతికి ఉపన్యాసములు ఏర్పాటుచేసిన యింటనే ఆ గ్లాసు నేను చూచితిని. పేలకు దువ్వెన గలదు, నూనె గలదు. మాటలలో బూతు వచ్చిన సరిదిద్దుటకు ఆయాయు పంతులమ్మయు గలరు. మన బిడ్డలు నేర్చిన బూతులలో సగము ఇంటి పురుషులు సెల్‌ఫోనులో మాటలాడునపుడు నేర్చినవే. గ్లాసునకు మాత్రము ఏ మందును లేదు, దానిని మనమే గూటినుండి తీయవలెను.

జూను మాసమున బడులు తెఱచునపుడు మీలో అనేకులు ఆటబడికి రుసుము కట్టుటకు పోవుదురు. అచట మేజాబల్లకడ కూర్చున్నవారు బస్సును, ఎ.సి. గదిని, స్మార్టు బోర్డును చూపుదురు. మొదటి వారము మా ఆయా తరగతిలో కూర్చుండనిత్తురా యని మీరడుగుడు. ఒప్పుకొననిచో మఱియొక బడి చూడుడు. ఇంటికి వచ్చినపిమ్మట ఆయాను పిలిచి, మధ్యాహ్నము రెండు గంటల వేళ ఆమె బిడ్డ ఎక్కడ నిద్రించుచున్నదో అడుగుడు. ఇంతవఱకు అడిగియుండకపోయినచో ఆమె మొదట తెల్లబోవును, తరువాత చెప్పును. ఆమె చెప్పిన ఊరి పేరు, ఆ యింటనున్న పిల్ల వయసు ఒక కాగితముపై వ్రాసికొని, మీ వీధిలోని మిగిలిన మూడిండ్లకు పొండు.